అప్పు పలకలో వరి ఊక

నాకు కోపం వస్తే చెవులు ఎర్రబడతాయని మా ఆవిడ అమలమ్మ అంటుంది. ఆ బుధవారం పామర్రు కాలేజీ మెట్లెక్కేసరికి రెండు చెవులూ మండిపోతున్నాయి. టైము పదకొండూ పది.

పొద్దున్నే బెజవాడ గుణదలలో మా ఇంటికి గడియారాలు బాగుచేసే బడే మియా వచ్చాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహం మాది. ఎప్పుడొచ్చినా గుమ్మంలోనే ఏదో ఒక హాస్యం ఆడి గాని లోపలికి రాడు. ఆరోజు వచ్చి కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా విషయం చెప్పాడు. ఆయన కూతురు అక్తరున్నీసా పామర్రు కాలేజీలో చరిత్ర లెక్చరర్. కాలేజీ మ్యూజియంలో ఉన్న బాబిలోను మట్టిపలకని ఎవరో ఎత్తుకుపోయి దాని చోట నకిలీది పెట్టారు. గది తాళం ఆ అమ్మాయి దగ్గరే ఉంటుంది కాబట్టి దొంగ ఆమేనని కాలేజీ నడిపే కరస్పాండెంటు నాంచారయ్య పోలీసు రిపోర్టు ఇచ్చాడు. సాయంత్రం ఐదింటికి అరెస్టు చేస్తామని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కబురు పంపాడు. అది 1976 ఆగస్టు, ఎమర్జెన్సీ రోజులు. లోపలికి వెళ్ళిన మనిషి ఎప్పుడు బయటికొస్తుందో చెప్పే నాథుడు లేడు.

నా పేరు బాలశౌరి. పోలీసు వేలిముద్రల విభాగంలో ఇరవైరెండేళ్ళు పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా పై అధికారితో ఒక మాట ఎక్కువ మాట్లాడి బయటపడ్డాను. ఇప్పుడు నా బోర్డు మీద ప్రైవేటు పరిశోధకుడు అని ఉంటుంది. నా వాటాకి వచ్చేవి ఎక్కువగా తప్పిపోయిన గేదెలూ, అలిగి ఇల్లు వదిలిన అల్లుళ్ళూను.

మ్యూజియం అని పేరే గాని అది ఒక చిన్న గది. ఒక గాజు బల్ల, అందులో నాలుగు రాగి నాణేలు, రెండు పాత పెంకులు. బల్ల పక్కన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రామకోటేశ్వరరావు నిలబడి ఉన్నాడు. పౌడరు చల్లి వేలిముద్ర ఎలా తియ్యాలో ఒకప్పుడు ఈయన చెయ్యి పట్టుకుని నేర్పింది నేనే.

"రండి హెడ్డుగారూ. గేదెలు దొరికాయా?" అన్నాడు.

నోటిదాకా వచ్చిన జవాబు మింగేశాను. అవతల పిల్ల పని ఉంది. గోడకి ఆనుకుని నిలబడిన అక్తరున్నీసా నన్ను చూసి "చాచా" అంది, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. మూడేళ్ళ వయసులో నా పోలీసు టోపీ నెత్తిన పెట్టుకుని వాళ్ళ నాన్న కొట్టంతా తిరిగిన పిల్ల. ఇప్పుడు ఆ సంగతి తలచుకోకూడదని గట్టిగా అనుకున్నాను.

పలక అంటే బడిపిల్లల పలక అనుకునేరు. సబ్బుబిళ్ళంత మట్టిబిళ్ళ అది. దాని నిండా కోడి కాలిగుర్తుల్లాంటి గీతలు. మొదటి యుద్ధంలో బస్రా వెళ్ళిన మిలిటరీ డాక్టరొకాయన తెచ్చి, చివరి రోజుల్లో ఈ కాలేజీకి ఇచ్చాడట. బల్ల లోపల అక్తరున్నీసా గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టిన కార్డు ఉంది: "బాబిలోను దేశపు అప్పు పత్రం. వయసు సుమారు మూడువేల ఏడువందల ఏళ్ళు. మూడు కొలతల బార్లీ అప్పు. అప్పు తీరేవరకు కూతురు అహాతు తాకట్టు. తీరిన రోజున ఈ పలక పగలగొట్టబడును."

మనం ప్రోనోటు చింపేసినట్టే వాళ్ళు పలక పగలగొట్టేవాళ్ళన్నమాట.

సోమవారం హైదరాబాదు నుంచి ఒక నిపుణుడు దీన్ని చూడ్డానికి వచ్చాడు. చేతిలోకి తీసుకుని, గోటితో అంచు గీకి, ఇది ఈ ఏడాది కాల్చిన మట్టి అని ప్రిన్సిపాలుతో చెప్పి వెళ్ళిపోయాడు. అప్పుడు రాలిన చిన్న పెచ్చు కాగితంలో పొట్లం కట్టి ఉంది. నేను భూతద్దం తీసి చూశాను. పెచ్చు విరిగిన చోట సన్నని నల్లటి గుర్తు, పడవ ఆకారంలో ఉంది. దాని పక్కన ఇంకొకటి. పుట్టి పెరిగింది ఈ మాగాణిలోనే కాబట్టి అదేమిటో తెలియడానికి నాకు భూతద్దం కూడా అక్కర్లేకపోయింది.

"ఇది వరి ఊక" అన్నాను.

అయితే ఏమిటన్నాడు రామకోటేశ్వరరావు. లెక్చరరమ్మ ఇక్కడే ఎవరిచేతనో నకిలీ చేయించింది, ఏప్రిల్లో సెలవు పెట్టి బొంబాయి వెళ్ళింది, అసలుది అక్కడ అమ్మేసింది. ఆయన లెక్క అంత తేలిగ్గా ఉంది. చరిత్ర మహాసభకి వెళ్ళానని అక్తరున్నీసా చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాడు.

"డబ్బు కోసం నకిలీ చేసేవాడు మట్టిని గుడ్డలో వడగట్టి చేస్తాడు సీఐ గారూ" అన్నాను. "ఊక కలిపేది మట్టి పగలకుండా. ఇది తెలిసి కలిపింది కాదు, అలవాటుకొద్దీ చెయ్యి చేసిన పని. పొయ్యిలు వేసే చెయ్యి."

నకిలీ పలకని వెనక్కి తిప్పాను. కాల్చకముందు పచ్చి మట్టిలో పడ్డ బొటనవేలి గుర్తు స్పష్టంగా ఉంది. దాన్ని తనూ చూశానన్నాడు రామకోటేశ్వరరావు. గీతలు లేవు, నున్నగా ఉంది, ఎందుకూ పనికిరాదన్నాడు. అప్పుడు నా చెవులు మళ్ళీ మండాయి.

"ఇదేనటయ్యా నేను నేర్పింది? గీతలు లేకపోవడమే గుర్తు. ఏళ్ళ తరబడి ఇటుకా సున్నమూ మోసిన వేలికి గీతలు అరిగిపోతాయి. ఆ అమ్మాయి బొటనవేలు చూడు. సుద్దముక్క తప్ప ఏం పట్టింది అది?"

ఆయన అక్తరున్నీసా చెయ్యి చూశాడు. తర్వాత నన్ను వరండాలోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. పైనుంచి గంటకో ఫోను వస్తోందట. కరస్పాండెంటుకి పలుకుబడి ఎక్కువ.

"ఐదింటికి నేను ఎవరో ఒకర్ని చూపించాలి. ఆ చెయ్యి ఎవరిదో మీరు తెచ్చి నాకు అప్పగించండి, ఈ అమ్మాయిని వదిలేస్తాను. లేదా, నేనేం చెయ్యలేను" అన్నాడు. అందులో బెదిరింపు లేదు. ఉన్న మాటే చెప్పాడు.

పన్నెండూ ఇరవైకి నాంచారయ్య గదిలో కూర్చున్నాను. తెల్లటి ఖద్దరు, వేలికి పచ్చరాయి ఉంగరం. నిపుణుడు వచ్చిన రోజు ఆయన ఊళ్ళో లేడు. తిరిగొచ్చి, నకిలీదట అన్న ఒక్క ముక్క విని, పలకని కళ్ళతోనైనా చూడకుండా ఆ మధ్యాహ్నమే రిపోర్టు రాసిచ్చేశాడు. అంత తొందరేమొచ్చిందని అడిగితే, కాలేజీ పరువు అన్నాడు. మ్యూజియం రిజిస్టరు ముందు పెట్టి ఇంకో సంగతి అడిగాను. పలక ఈ ఐదేళ్ళలో ఒక్కసారే గది దాటింది. 1974 జూన్ మూడున మద్రాసులో ఫోటో తీయించడానికని ఆయనే తీసుకెళ్ళాడు, పద్నాలుగున ఆయనే తెచ్చి సంతకం పెట్టాడు. అవునండీ, అయితే ఏమైంది అన్నాడు.

ఏమీ కాలేదన్నాను. మాటల్లో మాటగా, నకిలీది ఊక కలిపిన మట్టితో చేశారని చెప్పాను.

"మట్టా?" అన్నాడాయన.

అని, వెంటనే సర్దుకుని, మట్టే లెండి, మరి దేంతో చేస్తారు అని నవ్వాడు. వస్తువు పోయినవాడు ఎవరు తీశారని అడుగుతాడు. దేంతో చేశారని ఆశ్చర్యపోయేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. అది ఎందుకో అప్పుడు తోచలేదు. తోచనందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉంటాను.

మ్యూజియం గదికి తిరిగొచ్చి అక్తరున్నీసాని కూర్చోమన్నాను. తాళం ఒక్కటేనా? ఒక్కటే. ఎవరి దగ్గర ఉంటుంది? తన హ్యాండుబ్యాగులో, రోజూ బెజవాడ తీసుకుపోతుంది. బస్సు పామర్రు ఎన్నింటికి వస్తుంది? ఎనిమిదీ నలభైకి. గది ఎవరు ఊడుస్తారు?

"ఆదెమ్మ."

"ఎన్నింటికి?"

"ఆరున్నరకొచ్చి ఎనిమిదిలోపు కాలేజీ అంతా ఊడ్చేస్తుంది చాచా."

"తాళం బెజవాడలో నీ బ్యాగులో ఉంటే, ఆదెమ్మ ఈ గదిలోకి గోడలోంచి వస్తోందా అమ్మా?"

తల దించుకుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాలాసేపు కూర్చుంది. చివరికి చెప్పింది. రెండేళ్ళుగా సాయంత్రం వెళ్ళేటప్పుడు తాళం ఆదెమ్మకి ఇచ్చి వెళుతోంది. ఆదెమ్మ పన్నెండేళ్ళుగా కాలేజీలో ఊడ్చే మనిషి, వేసవి సెలవుల్లో ఇటుక బట్టీ పనికి పోతుంది. జ్వరం వచ్చినప్పుడు గంజి కాచి తెచ్చేది ఆమే. బస్సు తప్పిన రోజున తన ఇంట్లో పడుకోబెట్టుకునేది ఆమే.

"ఈ మాట చెబితే ఆవిడని పట్టుకుపోతారు. నాకు అబ్బాజాన్ ఉన్నాడు, మీరున్నారు. ఆవిడకెవరున్నారు చాచా?" అంది.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. తుడవాల్సింది కళ్ళజోడు కాదని ఆ పిల్లకీ తెలుసు. తాళం చేతిలో ఉన్న ఆదెమ్మ, ఇటుకలు మోసిన ఆదెమ్మ. ఆ బొటనవేలు ఎవరిదో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆదెమ్మ ఇల్లు కాలువ అవతల పేటలో ఉంది. పేటంతా వెతుక్కుని నేను వెళ్ళేసరికి మూడున్నర. ఒంటిగది పెంకుటిల్లు, ముందు వసారా. వసారాలో కొత్తగా వేసిన పొయ్యి ఆరుతోంది, మట్టి మీద ఊక మెరుస్తోంది. అరవై ఏళ్ళుంటాయి ఆదెమ్మకి. సన్నగా, నిటారుగా ఉంది. ముక్కాలిపీట వేసి, చెంబుతో నీళ్ళిచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎవరని కూడా అడగలేదు.

"అమ్మాయిగార్ని తీసుకుపోయారా బాబూ?" అంది.

ఇంకా లేదు అన్నాను. ఐదింటిదాకా టైముంది అన్నాను. ఆమె తలూపి, రేపు పొద్దున్నే తనే పోలీసుస్టేషనుకి పోదామనుకుంటున్నానంది. నిన్న సాయంత్రమే పోయేదట గాని, ఏం చెప్పాలో, ఎట్టా చెబితే వాళ్ళకి అర్థమవుతుందో తెలియక ఆగిపోయింది. అయితే ముందు నాకు చెప్పు ఆదెమ్మక్కా అన్నాను. ఈ వృత్తిలో నేను చాలామంది చేత చెప్పించాను, బెదిరించీ బుజ్జగించీ. ఈమె చేత చెప్పించడానికి ఒక్క ప్రశ్న వెయ్యక్కర్లేకపోయింది.

ఆమెకి ఎనిమిదో ఏట వాళ్ళ అయ్య పక్క ఊరి రైతు దగ్గర నాలుగు బస్తాల ధాన్యం అప్పు తెచ్చి, అప్పుకింద పిల్లని వాళ్ళింట్లో పేడకళ్ళెత్తడానికి పెట్టాడు. పంట రాగానే ధాన్యం కొలిచి తీసుకుపోతానని చెప్పి, తల నిమిరి వెళ్ళాడు. మరుసటేడు చేను మునిగింది. ఆ పైయేడు అయ్య పోయాడు. పదకొండేళ్ళు అక్కడే ఉంది. పెళ్ళయి బయటికొచ్చినా కాగితం మాత్రం ఆ ఇంటి పెట్టెలోనే ఉండిపోయింది. ఈ జూన్లో, వెట్టి అప్పులన్నీ రద్దని తాసిల్దారు వచ్చి, పందిరి కింద పాత కాగితాలన్నీ పోగేసి అందరి ముందూ చింపాడు. అందులో ఆదెమ్మదీ ఉంది. అయ్య వేలిముద్ర ఉన్న ముక్క ఒక్కటి ఇమ్మని అడిగి తెచ్చుకుందట.

లోపలికెళ్ళి బైబిల్లోంచి ఆ ముక్క తీసి నా చేతిలో పెట్టింది. యాభై ఏళ్ళ నాటి నల్ల సిరా, ఎడమ బొటనవేలు, చక్కటి సుడి. నా ఉద్యోగంలో లక్ష వేలిముద్రలు చూసుంటాను. దేన్నీ అంతసేపు చూడలేదు.

తర్వాత పలక సంగతి చెప్పింది. ఏటా అక్తరున్నీసా ఆ పలక మీద పాఠం చెబుతుంది. ఆదెమ్మ తలుపు అవతల చీపురు పట్టుకుని కూర్చుని వింటుంది. ఈ జులైలో ఒక పిల్ల లేచి, పలక పగల్లేదు కదా మేడం, అంటే అప్పు తీరలేదా అని అడిగింది. తీరలేదనే అనుకోవాలి అని అక్తరున్నీసా చెప్పింది. ఆ మాట విన్నప్పట్నించీ ఆదెమ్మకి ముద్ద దిగలేదు.

"నా కాయితం చింపడానికి తాసిల్దారొచ్చాడు. ఆ పలకలో పిల్ల కాయితం ఎవరు చింపుతారు బాబూ? దాని అయ్యా లేడు, అప్పిచ్చినోడూ లేడు, ఆళ్ళ రాజూ లేడు. రోజూ తుడిచేదాన్ని నేనే. నేనుగాక దానికి ఎవరున్నారు?"

వాళ్ళ అయ్య వేలిముద్ర ఉన్న ముక్కని ఆమెకి తిరిగిచ్చాను.

ఆగస్టు ఏడో తారీకు శనివారం సాయంత్రం పలకని కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చింది. బల్ల ఖాళీగా ఉంటే అమ్మాయిగారికి మాటొస్తుందని అలాంటిదే ఇంకోటి చేసింది. కాలువ మట్టి తెచ్చి తొక్కి, ఊక కలిపి, చీపురు ఈనెతో ఒక్కొక్క గీతా చూసి చూసి నొక్కింది. అక్షరమ్ముక్క రాని మనిషి, ఒక్క గీత తప్పలేదు. ఊక ఎందుకు కలిపావు అక్కా అంటే నావైపు వింతగా చూసింది. కలపకపోతే పగిలిపోద్ది కదా అంది. పొయ్యిలో కాల్చి, టీ నీళ్ళు రాసి, సోమవారం ఊడ్చేటప్పుడు బల్లలో పెట్టడానికి ఆరబెట్టింది. ఆదివారం చర్చికి కూడా పోలేదు. పని అయ్యాక మోకాళ్ళూని ప్రార్థన చేసి, పాతదాన్ని రోకలితో ఒక్క దెబ్బ కొట్టింది.

"పో తల్లీ, మీ ఇంటికి పో అన్నాను" అంది.

టైము నాలుగూ పది. ఇక నా పరిస్థితి చూడండి. ఈ మాటలు తీసుకెళ్ళి రామకోటేశ్వరరావుకి చెబితే అక్తరున్నీసా ఇంటికెళుతుంది, ఈమె జైలుకెళుతుంది. చెప్పకపోతే బడే మియా మొహం నేను మళ్ళీ చూడలేను. ఇద్దరిలో ఎవరినో ఒకర్ని నా చేత్తో పంపాలి. పై అధికారితో ఆ ఒక్క మాటా ఎక్కువైంది ఇలాంటి పని చెయ్యననే.

నన్ను అంత కష్టపెట్టకుండా రామకోటేశ్వరరావే వచ్చేశాడు. నేనెటు వెళ్ళానో కాలేజీలో అడిగి, జీపు వీధి చివర ఆపి నడుచుకుంటూ వచ్చినట్టున్నాడు, వసారా స్తంభం పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పట్నించి వింటున్నాడో తెలియదు. మొహం చూస్తే చివరిదంతా విన్నాడనిపించింది. కటువుగా మాట్లాడాలని గొంతు సవరించుకున్నాడు గాని మాట మెత్తగానే వచ్చింది. ముక్కలు చూపించమ్మా అన్నాడు.

ఆదెమ్మ ట్రంకుపెట్టె తెరిచి పాత చీర ముక్కలో కట్టిన మూట తెచ్చింది. మోకాళ్ళ మీద పెట్టుకుని ముడి విప్పింది. ఐదు పెద్ద ముక్కలు, కొంచెం పొడి. పైన గోధుమరంగు, గీతలు. లోపల మాత్రం తెలుపు. సున్నం కొట్టిన గోడంత తెలుపు.

"ఆ దేశపు మట్టి అట్టాగే ఉంటదేమో అనుకున్నా" అందామె.

ఒక ముక్క తీసి గోటితో గీకాను. మెత్తటి పొడి రాలింది. నాలిక మీద వేసుకుని చూశాను. చూడక్కర్లేదు, ఈ పొడిని తడిపి ఎన్ని అడుగుజాడల్లో పోశానో లెక్కలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర లారీ డ్రైవరు హత్య జరిగినప్పుడు బురదలో అడుగుల అచ్చు తీస్తుంటే బకెట్టు పట్టుకుని నా పక్కన నిలబడింది ఈ రామకోటేశ్వరరావే. ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"ప్లాస్టర్ ఆఫ్ పారిస్" అన్నాడు నెమ్మదిగా.

మూడువేల ఏళ్ళ నాడు బాబిలోనులో ఈ పొడి పోసి ఎవరూ అప్పు పత్రం రాయలేదు. ఇది అచ్చు పోసిన బొమ్మ. రెండేళ్ళ కిందట ఫోటోకని మద్రాసు వెళ్ళింది అసలు పలక. పదకొండు రోజుల తర్వాత తిరిగొచ్చింది ఈ బొమ్మ. అసలుది నాంచారయ్య దగ్గరే ఉండిపోయింది. నకిలీ అని తేలగానే, తేలింది తన నకిలీయే అనుకుని, అదేమిటో కూడా చూడకుండా అక్తరున్నీసా మీదికి తోసేశాడు. అందుకే మట్టి అనేసరికి తెల్లబోయాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఆయన దొంగతనం వచ్చి తాళం ఉన్న పిల్ల మీద పడింది.

మద్రాసు నుంచి వచ్చాక పలకలో తేడా ఏమైనా కనబడిందా అని ఆదెమ్మని అడిగాను. అంచున మూడు గోటి నొక్కులు ఉండేవట. అప్పు తీసుకున్నవాడు సంతకం బదులు గోరు నొక్కాడని అమ్మాయిగారు చెప్పేది. ఆ నొక్కుల్లో అంతకు ముందు తన గోరు సరిగ్గా కూర్చునేది, ఆ తర్వాత కూర్చోవడం మానేసింది. తుడిచి తుడిచి తనే అరగ్గొట్టాననుకుని, ఎవరితోనూ చెప్పకుండా కుమిలిపోయిందట.

రామకోటేశ్వరరావు అప్పటికే వాచీ చూసుకుంటున్నాడు. వచ్చిన అసలు కబురు అప్పుడు చెప్పాడు. నేను రిజిస్టరు అడిగి వచ్చిన గంటకే నాంచారయ్య బ్యాంకుకి వెళ్ళి లాకరు తెరిపించాడు. వాంగ్మూలం మీద ఆయన సంతకం కోసం వెతుక్కుంటూ వెళ్ళిన కానిస్టేబుల్‌కి బ్యాంకు గుమాస్తా చెప్పాడు. అక్కణ్ణుంచి కారులో బెజవాడ, మద్రాసు వెళ్ళడానికట. మద్రాసు బండి ఆరూ ఇరవైకి. అడుసు తొక్కింది నేనే, కడుక్కోవాల్సిందీ నేనే.

"పోలీసుస్టేషను నుంచి ఫోను చేసి ఆరున్నరదాకా గడువు అడుగుతాను. అంతకన్నా ఇవ్వరు" అన్నాడు రామకోటేశ్వరరావు. "ఈలోగా ఆయన చేతిలో అసలు పలక దొరకాలి. దారిలో కాలువలోకి విసిరేశాడంటే ఈ ముక్కలతో నేనేం నిరూపించలేను. దొరికినా, అది అసలుదే అని చెప్పగలిగిన మనిషి కావాలి."

ఆ మనిషి మా ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. తెల్లటి ముక్కల్ని ఒక్కొక్కటే తీసి గుడ్డలో పెడుతోంది. ఆమె మా మాటలు వింటోందనుకోలేదు. తల ఎత్తకుండానే అడిగింది.

"అయితే బాబూ, నేను పగలగొట్టింది బొమ్మనా?"

అవును అన్నాను.

"ఆ పిల్ల ఇంకా అప్పులోనే ఉందా?"

అబద్ధం చెప్పడం నాకు బాగా వచ్చు. ఇరవైరెండేళ్ళు అదే పని. ఆ మొహం చూసి మాత్రం చెప్పలేకపోయాను.

"ఉంది ఆదెమ్మక్కా."

రామకోటేశ్వరరావు ఇంకో మాట కూడా చెప్పాల్సొచ్చింది. పలక దొరికితే అది కోర్టు వస్తువు. సీలు వేసి దాచాలి, దాని మీద గీత పడకూడదు, కేసు తేలేదాకా ఎన్నేళ్ళయినా సరే. అంటే ఆ పలకని పట్టి ఇచ్చే చెయ్యి ఆదెమ్మదే అవుతుంది, అది పగలకుండా ఉండటానికి సాక్ష్యం చెప్పేదీ ఆమే అవుతుంది. ఆయన ఆమెవైపు చూడకుండా నేలవైపు చూస్తూ చెప్పాడు.

ఆదెమ్మ మూట ముడి వేసింది. రెండు చేతులూ నేలకానించి లేచింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"ఆ పిల్ల మూడువేల ఏళ్ళు ఓర్చుకుంది బాబూ. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటది" అంది. "మా అమ్మాయిగారికి ఆరున్నరదాకే గదా టైముంది. పదండి."

తలుపు దగ్గరికి లాగి, చెప్పులైనా వేసుకోకుండా, మాకంటే ముందు నడిచి వెళ్ళి జీపెక్కింది.